చాయ్ చల్లారేదాకా

వైరింగ్ అన్న పోయాడన్న కబురు బడిలో పాఠం చెబుతుండగా వచ్చింది. ముత్తంగి కూడలి దగ్గర ఆయన షెడ్డు పక్కన చాయ్ అమ్మే ఆమె ఫోన్ చేసి, "అన్న లేడు చెల్లె, జ్వరమని పండుకున్నోడు మళ్ల లేవలే" అన్నది. తరగతి గుమ్మంలోనే నిలబడిపోయాను. ఏడుపు కంటే ముందు ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. ఈ సాయంత్రం మా కారు మోగుతుందా అని.

ఇది మీకు అర్థం కావాలంటే మా కారు సంగతి చెప్పాలి. మా ఆయన జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో పనిచేసేవారు. ఒకరోజు డ్యూటీలోనే గుండె ఆగి పోయారు. సమాధి చేసి, చుట్టాలు వెళ్లిపోయాక, కంపెనీ బస్సు ఆయనను రోజూ పటాన్‌చెరులో దింపే వేళకు, గేటు లోపల నిలబడి ఉన్న కారు అలారం తనంతట తాను అరవడం మొదలుపెట్టింది. తలుపులకు తాళం ఉంది. దగ్గర్లో పిల్లి కూడా లేదు. మర్నాడూ సరిగ్గా అదే వేళకు అరిచింది, ఆ మర్నాడూ అంతే.

అత్తమ్మ మాత్రం భయపడలేదు. "వచ్చిండు" అంటూ గేటు తీసి నిలబడేది. అరుపు ఆగాక కూడా లోపలికి రాదు, అన్నం ముట్టదు. కొడుకు ఇంట్లోకి అడుగు పెట్టకుండా తాను తినడమేమిటని ఆమె పట్టు. మనిషి చిక్కి సగమైంది. పాస్టరుగారు వచ్చి కారు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే, ఆమేన్ అనేలోపే అది అందుకుంది. ఆయన అంత వేగంగా గేటు దాటడం నేనెప్పుడూ చూడలేదు. నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. బ్యాటరీ వైరు పీకేద్దామని వెళ్తే అత్తమ్మ, "వాని గొంతు పిసుకుతవా బిడ్డా?" అని అడిగింది. ఇక నా చెయ్యి ఎక్కడ ఆడుతుంది? ఒకవైపు వీధంతా తిట్లు, ఒకవైపు ఆమె ఉపవాసం. ఇంకొన్నాళ్లిలాగే సాగితే అత్తమ్మ కూడా దక్కదని నాకు తెలిసిపోయింది.

అప్పుడొచ్చాడు వైరింగ్ అన్న. బండ్ల కరెంటు పని తప్ప ఇంకేదీ ముట్టుకోడు. బండి చెడిపోయిందని ఆయన ఎన్నడూ అనగా వినలేదు. "మొత్తుకుంటున్నదా? ఏమంటున్నది?" అని అడిగేవాడు. సంచి విప్పకుండా అరుగు మీద కూర్చుని, సాయంత్రం దాన్ని తనివితీరా అరవనిచ్చాడు. తర్వాత రిమోట్‌తో ఆపి, డ్యాష్‌బోర్డు మీది ఎర్ర దీపం మిణుకులను చూశాడు. ఎందుకు అరిచిందో అలారం డబ్బా ఆ మిణుకులతోనే చెబుతుందట.

"ఏమంటున్నది అన్నా?" అని అడిగాను.

ఆయన అత్తమ్మ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "డ్రైవర్ దిక్కు డోర్ తీసిన్రంటున్నది."

తలుపు వేసే ఉంది. అద్దంలోంచి ఖాళీ సీటు కనిపిస్తోంది. పొడుగు కాళ్ల మనిషి కాబట్టి మా ఆయన దాన్ని బాగా వెనక్కి జరుపుకునేవారు, ఇంకా అలాగే ఉంది.

"నేను చెప్పలే?" అన్నది అత్తమ్మ.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, మాడు పగిలే ఎండలో వైరింగ్ అన్న మళ్లీ వచ్చాడు. "చెల్లె, ఇంతకుముందు ఈ బండికి కవర్ ఉండెనా?" అని అడిగాడు. ఉండేది. మా ఆయన పోయిన రోజు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి దాన్ని తీసి వాకిట్లో పరిచాం. మళ్లీ కప్పాలన్న ధ్యాస ఎవరికుంటుంది? ఆయన తల ఊపాడు. బకెట్లో గుడ్డ తడిపి, డ్రైవర్ తలుపు అంచున కాలిపోతున్న రేకు మీద పరిచాడు. కాసేపు ఏమీ జరగలేదు. వీధిలో ఉల్లిగడ్డల బండి మైకు దూరమైంది. అప్పుడు కారు అరిచింది.

అత్తమ్మ చెప్పులు లేకుండా ఆ ఎండలోకి పరుగెత్తుకొచ్చింది. "ఇయ్యాల జల్దీ వచ్చినవా కొడుకా?"

తడిగుడ్డ పట్టుకున్న ఆయన ముఖం నేను మరచిపోలేను. రోగం దొరికిందన్న సంతోషం అప్పుడే వచ్చి అప్పుడే పోయింది. "నేనే మొత్తుకునేటట్టు చేసిన పెద్దమ్మా. తప్పైంది" అన్నాడు.

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. తలుపు వేస్తే లోపలికి అణిగే చిన్న బుడిపె ఒకటి ఉంటుంది. అది అరిగిపోయింది. ఎండకు రేకు ఉబ్బినంతసేపు అణిగే ఉంటుంది. పక్క మేడ నీడ పడి రేకు చల్లబడగానే వెంట్రుకంత సందు వస్తుంది, తలుపు తెరిచారని బండి భ్రమపడుతుంది. కవర్ ఉన్నన్నాళ్లు రేకు ఇంతగా కాగి చల్లబడేది కాదు. ఆ నీడ పడే వేళా కంపెనీ బస్సు వేళా ఒకటే.

ఇదంతా అత్తమ్మ తలకెక్కలేదు. ఒక్కటే అడిగింది. "దీని నోరు మూస్తే వాడొచ్చిండని నాకెట్ల తెలుస్తది?"

ఆయన ఆమె ముందు మట్టిలో కూర్చున్నాడు. "పెద్దమ్మా, గీ అలారం ఎవరి కోసం పెడ్తరు? దొంగ కోసం. తాళంచెవి ఉన్నోడొస్తే మొత్తుకుంటదా? నీ కొడుకు ఇంటోడు. ఇంటోడొస్తే బండి సప్పుడు జెయ్యదు. గిన్ని దినాలు మొత్తుకున్నదంటే, వచ్చింది వాడు కాదు."

అత్తమ్మ వెళ్లి డ్రైవర్ తలుపు తడిమింది. ఆ తర్వాత "దీన్ని ఆపు బిడ్డా" అన్నది. నాకు మాత్రం, వచ్చింది ఆయన కాకపోతే మరెవరని ఒక్క క్షణం గుబులు పుట్టింది. అప్పుడే కదా బుడిపె కథంతా విన్నాను, అయినా పుట్టింది.

పని ముగిశాక ఆయనకొక పద్ధతి ఉంది. నిండు చాయ్ గ్లాసు బానెట్ మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడతాడు. "చాయ్ చల్లారేదాక సప్పుడు రాకుంటే పనైనట్టు" అంటాడు. చల్లారిన ఆ చాయే తాగుతాడు. కొత్త బుడిపె బిగించిన ఆ సాయంత్రం నీడ వచ్చి తలుపు మీద పడింది. కారు అరవలేదు. ఆ వేళకు అరుపు రాకపోవడం నన్ను అరుపు కంటే ఎక్కువ భయపెట్టింది. అత్తమ్మ గేటు తీసి, కాసేపు నిలబడి, "వచ్చిండు" అని గేటు వేసి, లోపలికెళ్లి కంచంలో అన్నం పెట్టుకుంది.

"నిలబెడితే బండికి తుప్పు పడ్తది. మనిషికి గూడ" అని నన్ను కొల్లూరు పక్క ఖాళీ దారిలో స్టీరింగు ముందు కూర్చోబెట్టింది కూడా ఆయనే. గేరు తప్పు వేస్తే తిట్టడు, "దానికి నొస్తది చెల్లె" అంటాడు. ఇవాళ సంగారెడ్డి బడికి ఆ కారులోనే వెళ్తున్నానంటే అది ఆయన చలవే. క్రిస్మస్‌కు అత్తమ్మ కేకు పంపితే దాన్నీ ఒక బానెట్ మీద పెట్టి, "ఇది గూడ చల్లారాలె" అని నవ్వేవాడు.

అంతిమయాత్రకు అత్తమ్మను తీసుకుని వెళ్లాను. షెడ్డు ముందు, ఆయన చెయ్యి పడాల్సిన బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. దింపుడు కల్లానికి పాడెను అక్కడే దించారు. డప్పులు ఆగాయి. ఆయన భార్య చెవిలో పిలవడానికి వంగింది. వరుస చివరి బండి అరిచింది. తర్వాత దాని పక్కది, ఆ పక్కది. డప్పుల అదురుకు బండ్లు అరుస్తాయని ఆయనే చెప్పాడు. కానీ డప్పులు మోగినంతసేపు ఊరుకుని, ఆగాక ఎందుకు అందుకున్నాయో చెప్పడానికి ఆయన లేడు. ఆపడం ఎవరికీ రాలేదు. అందరం అలవాటుకొద్దీ పాడె మీది మనిషి వైపే చూశాం. ఆమె పిలిచింది. ఆ గోలలో పిలుపు ఎవరికీ వినిపించలేదు.

పక్కనే ఉన్న మా కారు ఒక్కటే అరవలేదు. అత్తమ్మ దాని మీద చెయ్యి వేసి నిలబడింది.

ఇంటికొచ్చేసరికి మేడ నీడ దిగుతోంది. అత్తమ్మ నిండు గ్లాసు చాయ్ తెచ్చి బానెట్ మీద పెట్టి, గేటు రెండు రెక్కలూ తీసింది. అరుగు మీద కూర్చున్నాం. నీడ డ్రైవర్ తలుపును దాటింది. గ్లాసులో ఆవిరి పోయి, పైన మీగడ కట్టింది. లోపల ఎర్ర దీపం మిణుకుమంటూనే ఉంది. చప్పుడు లేదు.

అత్తమ్మ లేచి గేటు వేసింది. "ఇద్దరొచ్చిన్రు. ఇంకో గ్లాస్ తే బిడ్డా" అన్నది.

తెచ్చి మొదటి గ్లాసు పక్కన పెట్టాను. చీకటి పడేదాకా రెండూ అక్కడే ఉన్నాయి.