అంతమ్మ గారికి నాలుగో నెల

నా కళ్ళకు ఏ లోపమూ లేదు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తిన్నదీ చదివిందీ ఏడ్చిందీ అన్నీ చెప్పుకునే నా డైరీకి కూడా చెప్పలేదు. లింగంపల్లి స్టేషన్లో దిగి, బండరాళ్ళ మధ్య, సీతాఫలం పొదల పక్కగా నడిస్తే వచ్చే ఒక ఊళ్ళో మాత్రం జనమంతా ఇప్పటికీ "పాపం, డాక్టరమ్మకు చూపు తక్కువ" అనే అనుకుంటున్నారు. నా చూపు బాగుపడితే అమ్మవారికి వెండి కళ్ళు చేయిస్తానని మొక్కుకున్న తల్లి కూడా ఉంది. ఆ అమ్మవారి ముఖం నేను ఏ ముఖంతో చూడాలో తెలియదు.

ఆ ఊరు నా ముక్కు మీద పెట్టిన కళ్ళజోడు వెనక ఒక ఘోర ప్రమాదం ఉంది. ప్రాణనష్టం లేదు. పరువు నష్టం మాత్రం భారీగా జరిగింది, అదీ మొత్తం నాదే. ఊరి పేరు చెప్పను. చెబితే అంతమ్మ గారు ఎడ్లబండి కట్టించుకుని వచ్చి మరీ నా చెవి మెలిపెడతారు.

నేను ఆ ఊరికి ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. మా నాన్న తెనాలి దగ్గర బడిపంతులు. ఆయన జీతంతో నాకు డాక్టరు కోటు కొనగలరేమో గానీ డాక్టరు చదువు కొనలేరు. ఆ చదువు సర్కారు వారి స్కాలర్‌షిప్పు చెప్పించింది. దానికో షరతు. చదువు పూర్తయ్యాక డాక్టరు లేని పల్లెలో పనిచేయాలి. గడువు తీరాక ఆ ఊరి సర్పంచి "ఈ అమ్మాయి మాకు పనికొచ్చింది" అని పైవాళ్ళకు చెబితేనే పట్టా నా చేతికి వస్తుంది. ఆయన పెదవి విరిస్తే ఇంకో ఊళ్ళో మళ్ళీ మొదటి నుంచీ మొదలు.

"పల్లెలో ఉండగలవా?" అని అందరూ అడిగారు. పల్లె అంటే నాకు భయమే లేదు. నా భయమంతా మనుషులంటేనే. క్లాసులో ప్రశ్న అడిగితే జవాబు తెలిసి కూడా బల్ల మీద గీతలు లెక్కపెట్టుకునే రకం నేను. పుస్తకంలో అచ్చయిన మనిషి అయితే గుండె, కాలేయం, మూత్రపిండాలు గడగడా చెప్పేస్తాను. అదే మనిషి లేచి వచ్చి ఎదురుగా కూర్చుంటే నా తల దానంతటదే వాడిన తోటకూర కాడలా వాలిపోయేది.

ఊళ్ళో దవాఖాన అంటే సర్పంచి గారి పాత పశువుల కొట్టం. ముందు వసారా, లోపల ఓ గది, గదిలో నులక మంచం. సున్నం వేయించారు గానీ వానపడితే పాత కాపురస్థుల వాసన వచ్చేది. అక్కడ నేనొక పద్ధతి కనిపెట్టాను. తల ఎత్తకుండానే పేషెంటుతో మాట్లాడేదాన్ని. చెయ్యి చాపితే నాడి చూసేదాన్ని, నాలుక చాపితే నాలుక వరకే చూసేదాన్ని. మనుషులను పాదాలతో గుర్తుపెట్టుకునేదాన్ని. పగిలిన మడమలావిడ, టైరు చెప్పులాయన, అలాగన్నమాట. మందు సంగతి కాంపౌండరు యాదగిరి చెవిలో గుసగుసగా చెబితే, ఆయన వసారాలో నిలబడి ఊరవతలికి వినిపించేలా దండోరా వేసేవాడు. "సాయిలూ! నీకు నులిపురుగులున్నయంట! అన్నం తిన్నంక ఏస్కో!" రోగరహస్యం కాపాడతానని కాలేజీలో చేసిన ప్రమాణం ఆ గొంతు ముందు ఎక్కడ నిలుస్తుంది?

అలా నెట్టుకొస్తున్నాను. మగవాళ్ళు వస్తున్నారు, పిల్లల్ని తెస్తున్నారు. ఆడవాళ్ళు మాత్రం గడప తొక్కడం లేదు. కాన్పులన్నీ ఇళ్ళలోనే. ఏ ఇంట్లోనైనా పసిగుడ్డు దక్కలేదంటే ఆ మాట నాకు వారం తర్వాత తెలిసేది.

ఒకరోజు పొద్దున యాదగిరి పరుగున వచ్చాడు. "అమ్మా, సర్పంచి ఇంట్ల నుంచి ఆడోళ్ళొస్తున్నరు! జర పైలం!"

నా తల ఇంకో రెండంగుళాలు కిందికి దిగింది.

స్టూలు మీద ఎవరో దబ్బున కూర్చున్నారు. నా చూపు అందినంత మేర నాకు కనిపించినవి రెండు పాదాలు, వెండి కడియాలు, బల్ల మీద పెట్టిన ఓ చెయ్యి, దాని మీద పచ్చబొట్టు. కాళ్ళకు మెట్టెలు లేవు. నేను గమనించలేదనుకోకండి. బోలెడు నవలలు చదివిన దాన్ని. నాట్లేసేటప్పుడు బురదలో జారిపోతాయని తీసి దాచుకుని ఉంటుందని చిటికెలో తేల్చేశాను.

"పేరు చెప్పండి."

"అంతమ్మ అని రాయి. ఇంటికి పెద్దదాన్ని నేనే. బియ్యం కార్డైనా, దవాఖాన చీటైనా మా ఇంట్ల అన్నీ నా పేరు మీదనే ఉంటయ్."

"వయసెంతండి?"

"గదెవలికెరుక? నువ్వే ఏదో ఒకటి రాస్కో."

నేను ఏదో ఒకటి రాసుకున్నాను. ఆ 'ఏదో ఒకటి' ముప్పై.

ఆ ఊళ్ళో కోడలు అత్త ముందు నోరు విప్పదనీ, ఎవరి ఒంట్లో బాగోకపోయినా ఇంటి పెద్ద వచ్చి కూర్చుని తన పేరు రాయించి తనే చెబుతుందనీ నాకెవరూ చెప్పలేదు. తల ఎత్తి చూస్తే తలుపు వెనక కొంగు కప్పుకుని నిలబడ్డ ఇంకో మనిషి కనిపించేది. తల ఎత్తితే కదా!

"ఏమిటండి ఇబ్బంది?"

"పొద్దుగాల లేస్తే ఒకటే వాంతులు. అన్నం వాసన పడ్తలేదు. గోడ మీది మన్ను గీక్కొని తినుడు." గొంతు కాస్త మోటుగా ఉంది. జలుబనుకున్నాను. ఉన్నట్టుండి ఆ గొంతు తగ్గింది. "పోయినసారి ఇంట్లనే కాన్పు చేసుకున్నం బిడ్డా. పిల్ల దక్కలే. గందుకే ఈపాలి నీ కాడికొచ్చినం."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లోపలికెళ్ళి మంచం మీద పడుకోమనండి" అని యాదగిరికి చెప్పి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. తిరిగి వచ్చి పరీక్ష చేశాను. మంచం మీది మనిషి మొహం నిండా కొంగు, కాళ్ళ నిండా దుప్పటి. జన్మలో ఒక్కసారి పాదాలు చూడాల్సిన అవసరం వచ్చిన రోజునే ఎవరో వాటిని కప్పేశారు. పరీక్ష మాత్రం బంగారంలా చేశాను. నాలుగో నెల, అనుమానమే లేదు.

పెరట్లో మళ్ళీ చేతులు కడుక్కుని వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. స్టూలు మీద మళ్ళీ అవే కడియాలు. మనసు నిండిపోయింది. యాదగిరిని పిలిచి చెవిలో చెప్పాను.

"ఎవలికమ్మా?"

"ఈ స్టూలు మీద కూర్చున్నావిడకి."

యాదగిరి పాదాలు స్టూలు వైపు తిరిగాయి. మళ్ళీ నా వైపు తిరిగాయి. "అమ్మా, జర మళ్ళొకపాలి సూస్తరా?"

"చూసే చెప్తున్నాను."

"గట్ల కాదమ్మా... గా స్టూలు మీదున్నది అంతమ్మ..."

"తెలుసు. పేరు రాసుకున్నది నేనే కదా!"

"నేను చెప్పనమ్మా. నాకు పెండ్లాం పిల్లలున్నరు." ఆయన రెండు చేతులూ జోడించి గోడకు ఆనుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఇంత మంచి మాట చెప్పడానికి ఈయనకేమిటి నొప్పి? సరే, నేనే చెబుతాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు పెంచాను. ఎన్నేళ్ళుగా దాచుకున్న గొంతో, ఒక్కసారిగా బయటపడేసరికి వసారా, వాకిలి, ఎదురింటి అరుగు అన్నీ దద్దరిల్లాయి.

"అంతమ్మ గారూ, శుభవార్తండి! మీకు నాలుగో నెల! ఏమీ భయపడకండి. ఈసారి బిడ్డ మీ ఒళ్ళో ఆడుకుంటుంది. మీ ఆయన్ని ఒకసారి పంపించండి, జాగ్రత్తలు చెప్తాను."

వసారాలో దగ్గుతున్న ముసలాయన దగ్గు సగంలో ఆపేశాడు.

"మా ఆయననా?" అంది స్టూలు.

"అవునండి. ఇంట్లోనే ఉన్నారా?"

"స్మశానంల పండుకున్నడు బిడ్డా. ఎన్నేండ్లాయెనో. నువ్వే పోయి చెప్పు. జర గట్టిగ పిలువు, గాయనకు పానమున్నప్పుడే చెవుడు."

నేను తల ఎత్తాను.

ఆ ఊళ్ళో నేను చూసిన మొదటి మొహం అది. తెల్లటి జుట్టు, బోసి నుదురు, ముందు పళ్ళు రెండే రెండు. మా అమ్మమ్మ ఈవిడ పక్కన నిలబడితే చెల్లెలిలా ఉంటుంది. ఆ క్షణంలో నేలకు నా మీద ఏమాత్రం ప్రేమ ఉన్నా చీలి ఉండేది. పేడతో గట్టిగా అలికిన నేల, చీలలేదు.

అంతమ్మ గారు లేచి నిలబడ్డారు. ముక్కుపుటాలు అదురుతున్నాయి. నా పట్టా రెక్కలు కట్టుకుని ఊరవతలి బండల మీదుగా ఎగిరిపోతున్నట్టు నాకు స్పష్టంగా కనిపించింది.

అప్పుడు లోపలి గదిలోంచి ఒక చప్పుడు. ముందు ఎవరో పొలమారినట్టు, తర్వాత బిందెలో నీళ్ళు పొంగినట్టు. కోడలు భాగ్యమ్మ గుమ్మం పట్టుకుని నవ్వుతోంది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగడం లేదు. అత్త ముందు దగ్గడానికి కూడా భయపడే పిల్ల, కిందికి జారి కూర్చుని మరీ నవ్వుతోంది.

అంతమ్మ గారు తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉంచి కోడలి వైపు చూశారు. చాలాసేపు చూశారు. "పిల్ల పోయినకాన్నుంచి దీని నోట నవ్వు ఇనలే" అన్నారు, ఎవరితోనో తెలియనట్టు. తర్వాత మెల్లగా మళ్ళీ స్టూలు మీద కూర్చుని కొంగు సర్దుకున్నారు.

"ఇగ చెప్పు డాక్టరమ్మా. నాకు ఆడపిల్లనా, మొగపిల్లగాడా?"

వసారా అంతా గొల్లుమంది. యాదగిరి గోడ వైపు తిరిగి భుజాలు అదిరేలా నవ్వుతున్నాడు.

సైకిలు కింద పడేసి సర్పంచి గారు వచ్చేసరికి వార్త ఊరు దాటింది. "ఏందే అమ్మా గిది! చావిడి కాడ నాకు తమ్ముడు పుడ్తున్నడని ముచ్చట పెడ్తున్నరు!"

"చెల్లె గూడ కావచ్చురా. జర ఓపిక పట్టు."

ఆయన నా వైపు తిరిగారు. "డాక్టరమ్మా, ముసలమ్మేదో, కోడలు పిల్లేదో తెలుస్తలేదా నీకు? గిట్లయితే రేపు పైవాళ్ళడిగితే నేనేమని చెప్పాలె?"

మొహాలు చూడనని ఎలా చెప్పను? సిగ్గని చెప్పడానికి కూడా సిగ్గే కదా. నాలుక దానంతటదే తిరిగింది. "నాకు... కళ్ళు... సరిగ్గా కనిపించవండి."

ఆయన మొహంలో కోపమంతా కరిగి జాలిగా మారిపోయింది. "అయ్యో, ముందుగాల చెప్పొద్దా బిడ్డా! ఇగ ఫికర్ చెయ్యకు. నేనున్న."

ఆయన మాట తప్పే మనిషి కాదు. అదే నా కర్మ. పట్నం వెళ్ళినప్పుడు స్వయంగా కళ్ళజోడు కొనుక్కొచ్చారు. పవరు లేని మామూలు గాజుటద్దాలే, దేవుడు దయతలిచాడు. ఫ్రేము మాత్రం తన మొహానికి పెట్టుకుని కొలత చూసుకుని తెచ్చారు. ఆయన మొహం తిరగలి రాయంత ఉంటుంది. తల కొంచెం వంచానా, జోడు టపీమని బల్ల మీద పడేది. వంచిన ప్రతిసారీ వసారాలోంచి ఎవరో ఒకరు అయ్యో అనేవారు. అది పడకుండా ఉండాలంటే ఒకటే దారి, తల ఎత్తి కూర్చోవడం. తల ఎత్తితే ఎదురుగా ఏముంటాయి? మొహాలు!

అలా మొహాలు చూడటం మొదలైంది. చూడటానికి మొహాలు కూడా పుష్కలంగా వచ్చాయి. అంతమ్మకు కడుపు చేసిన డాక్టరమ్మ ఎట్లుంటదో చూద్దామని జీడిమెట్ల అవతలి ఊళ్ళ నుంచి కూడా ఆడవాళ్ళు బండ్లు కట్టుకొచ్చారు. "నాకు గూడ ఎన్నో నెలనో చెప్పు డాక్టరమ్మా" అని ఇకిలించేవారు. నవ్వడం అయ్యాక గొంతు తగ్గించి, ఏ మగవాడికీ చెప్పుకోలేని అసలు బాధ చెప్పేవారు. ఎన్నో రక్తహీనతలు, ఎన్నో మానని పుళ్ళు ఆ నవ్వు వెనకాలే నడిచి వచ్చాయి. ఏ పుస్తకంలోనూ లేని వైద్యం వాళ్ళు నాకు నేర్పారు. వాళ్ళకు నేనెప్పుడూ సరిగ్గా దండం పెట్టలేదు, ఇప్పుడు పెడుతున్నాను.

భాగ్యమ్మ కాన్పు దవాఖానలోనే జరిగింది. నా చేతులు ఒక్క తప్పూ చేయలేదు. ఆడపిల్ల, గట్టి గొంతు. తీసుకెళ్ళి అంతమ్మ గారి ఒళ్ళో పెడితే, ఆవిడ పాపను కాక నన్ను చూసి, "ఒళ్ళె ఆడుకుంటదన్నవ్. మాట నిలబెట్టుకున్నవ్ బిడ్డా" అన్నారు. అప్పుడు జోడు జారితే నా కళ్ళు తడిగా ఉన్నాయని అందరికీ తెలిసిపోయేది. జోడు ఆ ఒక్కరోజూ బుద్ధిగా నిలబడింది.

సర్పంచి గారు పైవాళ్ళకు నా గురించి ఎంత గొప్పగా చెప్పారంటే, చూపు లేకపోయినా సేవ చేసిన త్యాగమూర్తినని పట్టా ఇచ్చేటప్పుడు అక్కడి పెద్దాయన నన్ను చెయ్యి పట్టుకుని మెట్లు దింపారు. నేను దిగాను. ఏం చేయను?

కనుక సకల దేవతల సాక్షిగా, నా స్టెతస్కోపు మీద ఒట్టేసి ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక నా బతుకులో మొహం చూడకుండా ఎవరికీ శుభవార్త చెప్పను. మంచి కబురు నోటిదాకా వచ్చినా సరే, ముందు ముందుపళ్ళు లెక్కపెట్టుకుంటాను.

నేను వచ్చేసే రోజు ఊరు ఊరంతా లింగంపల్లి స్టేషనుకొచ్చింది. బుట్టెడు సీతాఫలాలు, చంకలో పాపతో భాగ్యమ్మ. అంతమ్మ గారు కిటికీ దగ్గరికొచ్చి, చెయ్యి లోపలికి పెట్టి నా కళ్ళజోడు తీసేసుకున్నారు. "పట్నంల గివి నీకెందుకు? అవ్వల్ దర్జా చూపు నీది, ఏ లోపం లేదు. నాకు మొదట్నుంచే ఎరుక" అని కన్ను గీటారు.

రైలు కదిలింది. ఆవిడ ఆ జోడు తన ముక్కు మీద పెట్టుకుని, నడుం మీద చెయ్యేసుకుని, ప్లాట్‌ఫారమంతా వినిపించేలా అరిచారు.

"నువ్వు పోతున్నవ్ సరే! మరి నా కాన్పెవలు చేస్తరే, డాక్టరమ్మా?"