ఖాసింసాబ్ పాత నంబరు

బోయిగూడలో తాళాలు బాగుచేసే ఖాసింసాబ్‌కు ఒక పట్టింపు ఉంది. ఇంటివాళ్లు ఎదురుగా నిలబడితే తప్ప మారు తాళంచెవి చెయ్యడు. వెబ్‌సైట్ మాటెత్తితే మాత్రం కస్సుమనేవాడు. "ఎనిమిదేండ్ల కింద పెట్టించిన గద! దాన్ని సుత రోజూ తుడ్వాల్నా?"

ఆ పొద్దున శేషారత్నంగారు దుకాణానికొచ్చింది.

"మొన్న మీ మనిషి మా వీధితలుపుకి కొత్త తాళం వేశాడు కదా సాయిబుగారూ! డబ్బా మీద మూడు తాళంచెవులని ఉంది, రెండే ఇచ్చాడేంటి?"

ఖాసింసాబ్ ఎవర్నీ పంపలేదు.

"ఏ నంబరుకు చేసిన్రమ్మా?"

"మీ వెబ్‌సైట్‌లో ఉన్నదానికే."

అది ఆయన నాలుగేళ్ల కిందట వదిలేసిన నంబరు. దానికే ఫోన్ కొట్టాడు.

"ఖాసింసాబ్‌నే మాట్లాడుతున్న," అంది అవతలి గొంతు, ఎంతో మర్యాదగా. "అడ్రస్ చెప్పండి. పగటిపూట ఇంట్ల ఎవరుంటరు?"