సమ్మెట నడిచే వేళ సత్తెమ్మ వదిన పాట

పటాన్‌చెరులో కుట్టుపని చేసే సత్తెమ్మ ఇక లేదు. ఆమె మా అన్న భార్య, నాకు వదిన. పొద్దున జాకెట్టు అంచు కుడుతూ మిషను మీదికే ఒరిగిపోయిందని కబురు వస్తే నమ్మలేదు. కబురు తెచ్చినవాణ్ణి తిట్టాను. వెళ్ళి చూశాక నమ్మక తప్పలేదు. నేను నలభై దాటాక వయోజన బడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి. నివాళి వ్యాసానికి కావలసిన సౌకుమార్యం నా దగ్గర లేదు. ఆమెకూ అది లేదు కనుక ఫరవాలేదు.

సహనమూర్తి అని రాయమని చుట్టాలు చెప్పారు. రాయను. ఆమె సహించలేదు. అదే ఆమె మహత్త్వం.

ఎనభైలలో మా వాడ వెనుక ఇనుము సాగగొట్టే ఫ్యాక్టరీ వచ్చింది. అందులోని పెద్ద సమ్మెట యంత్రం మీద పనిచేసిన వాళ్ళలో నేనొకణ్ణి. దెబ్బ పడితే మా ఇళ్ళలో గిన్నెలు గలగలలాడేవి. వదిన ఇంట్లో రికార్డు ప్లేయరు ముల్లు ఎగిరి ఎక్కడో పడేది. యక్షగానం రికార్డులో రాజు యుద్ధానికి బయలుదేరాడో లేదో, అప్పుడే అతని శవం మీద పడి రాణి శోకాలు! నవ్వుకునేవాళ్ళం. ఆమె నవ్వలేదు. రికార్డులు గీతలు పడి నాశనమవుతున్నాయి. పాట ఆమెకు విలాసం కాదు. పాట సాగితేనే కుట్టు సాగేది.

నేరుగా ఫ్యాక్టరీ గేటుకు పోయి ఆఫీసరును పిలిపించింది. ఆయన మర్యాదగానే చెప్పాడు: "సెలవు నాడు మిషన్ బంద్ ఉంటది గదమ్మా. ఆ దినం ఇనుండ్రి."

"సెలవు నాడు నేను కుట్టను సారూ. మీరు ఇడిసిపెట్టిన పూటనే నేనెందుకు ఇనాలె? నా ఇంట్ల నా పాట, నా పని దినం నాడే ఇంట."

ఇక మా వాడ పాండిత్యం మొదలైంది. ఫ్యాక్టరీలో బతికే మాకు ఒకటే బుద్ధి: ఏది వణికినా బోల్టు బిగించడం. అన్న షాబాద్ బండను నేలలో సిమెంటుతో పాతి, దాని మీద ప్లేయరును నాలుగు మూలలా బిగించాడు. "ఇగ ఎట్ల కదుల్తదో చూస్త" అని మీసం దువ్వాడు. మొదటి దెబ్బకే ముల్లు రికార్డు దాటి అవతల పడింది.

"నేల వణుకుతుంటే నేలకే కట్టేస్తివి గదయ్యా" అంది వదిన. బోల్టులు ఊడదీయించి ప్లేయరును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కింద సమ్మెట పడుతూనే ఉంది, ఒళ్ళో పాట మాత్రం తెగలేదు. "చూసినవా? పసిపిల్లను బండ మీద పండబెడితే లేస్తది. ఒళ్ళె పండబెడితే లేవది."

కానీ ప్లేయరు ఒళ్ళో ఉంటే కుట్టేదెట్లా? పాత స్కూటరు ట్యూబు తెప్పించి బల్ల మీద పరిచి, నేలలో పాతిన ఆ బండనే పెకలించి ట్యూబు మీద పెట్టి, బండ మీద ప్లేయరు పెట్టించింది. అన్న ట్యూబును పగిలేదాకా గాలితో నింపాడు. ముల్లు మళ్ళీ ఎగిరింది. ఆమె పిన్ను నొక్కి సగం గాలి తీసేసింది. "మళ్ళ బండనే జేస్తివి. ఒళ్ళు లెక్క ఉండాలె!"

ఆ రోజు నా షిఫ్టు కాదు. కళ్ళారా చూశాను. నేల మీద పెట్టిన కప్పులో చాయ్ వణుకుతోంది. బల్ల మీద పాట అఖండంగా సాగుతోంది. ఆమె కాలు మిషను తొక్కుతోంది. మా అన్న మాత్రం, "నేను చెప్పిన బండనే గద పనికొచ్చింది" అన్నాడు, పోయేదాకా అదే మాట మీద ఉన్నాడు.

ట్యూబులో గాలి మెల్లగా తగ్గిపోయేది. అందుకని ఆ ఇంట్లో ఒక ఆచారం ఏర్పడింది: పాట అడిగినవాళ్ళే పంపు కొట్టాలి. పెద్దా చిన్నా లేదు. రికార్డు అట్ట మీద పాట పేరు చదివే పని నాది. నేను కూడబలుక్కుంటుంటే, "మరిదీ, పాట అయినంక చెప్తవా పేరు? జెర జల్దీ!" అని మందలించేది. ఆ మందలింపులోనే నాకు చదువు ఒంటబట్టింది.

క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి. ఆమె ఆ ప్లేయరును వదల్లేదు. వాడలో చాలామంది ఇళ్ళమ్ముకుని ముత్తంగి వైపు వెళ్ళిపోయారు. "నువ్వూ పో, శాంతిగ ఉంటవు" అన్నారు. "ఈడ నాకేం అశాంతి ఉంది? పోవాల్సింది నేను గాదు" అంది. కదల్లేదు. అటువంటి ధీరవనితను మా వాడ మళ్ళీ చూడదు. ఆమె లేని లోటు తీర్చేవాళ్ళు మాలో ఎవరూ లేరు. ఉన్నారని అబద్ధం రాయలేను.

సంస్మరణ సభ సెలవు నాడు పెడదాం, చప్పుడుండదు, మాటలు బాగా వినబడతాయి అని పెద్దలు అంటున్నారు. ఒప్పుకోను. పని దినం నాడే, ఆమె ఇంట్లోనే, సమ్మెట నడిచే వేళకే, ఆమె ప్లేయరు మీద ఆమె పాటలతోనే సభ. ఆమెకు తెలిసిన వాళ్ళంతా రండి. మౌనం పాటిద్దామని ఎవరైనా లేస్తే నేనే కూర్చోబెడతాను. సమ్మెట ఆమె కోసం ఒక్క దెబ్బ తగ్గించదు. ఆమె కోసం మేమూ ఒక్క చరణం తగ్గించం.