ఇరుసు మీద బరువు

మా బాపుకు ఎడమ కాలు మోకాలి కింద లేదు. మా పిండిగిర్నికి జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన ప్రతి కొత్త మనిషీ ఆ కాలు చూసి ఏమైందని అడిగేవాడు. బాపు విసుక్కోకుండా చెప్పేవాడు. పక్కనే ఇంజనుకు డీజిల్ పోస్తూ నేను వినేవాణ్ని.

ఎనభైల నడిమి మాట. మూడేళ్లు గల్ఫ్‌లో పికప్ నడిపి, మిగిల్చుకున్న దాంతో పాత జీపు ఒకటి కొనుక్కుని ఇచ్చోడలో ఉంటున్నాను. పిండిగిర్ని పెట్టాలన్నది బాపు చిరకాల కోరిక. బెల్లంపల్లిలో ఒకాయన తన గిర్ని ఎత్తేస్తున్నాడని తెలిసింది. బొగ్గుబాయి పనులు తగ్గి జనం వెళ్లిపోతుంటే పిండి పట్టించుకునేవాళ్లు కరువయ్యారట. డీజిల్ ఇంజను, గిర్ని రాళ్లు, ఇనుప చట్రం అన్నీ కలిపి మాట్లాడుకున్నాం. నేను లారీ పెడదామన్నాను.

"ఇంట్ల జీపు ఉండంగ లారీ ఎందుకురా? ట్రాలీ నేను తెస్త. గల్ఫుల నడిపినోనివి, నీకేం ఫికర్?" అన్నాడు బాపు.

తెచ్చింది ట్రాక్టరుకు తగిలించే రెండు చక్రాల ట్రాలీ. జీపు వెనక హుక్కు వెల్డింగ్ చేయించి తగిలించాం. చీమ కొండను లాగబోయినట్టుందని నేను నవ్వితే బాపు నవ్వలేదు.

బెల్లంపల్లిలో సామాను ఎక్కించడానికి వచ్చినవాళ్లలో, బాయిలో పనిచేసి రిటైరైన ముసలాయన ఒకడున్నాడు. ఇంజనును ట్రాలీ నడిమధ్యన పెట్టించబోయాడు. బాపు ఆపాడు. అప్పటికే దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఉన్నాడు.

"లచ్చిమి ముంగట రావాలె. ఉత్త ఇనుము ముంగటొచ్చి లచ్చిమి ఎనుకొస్తదా?"

"పటేలా, బరువు ఇరుసు మీదుండాలె. ముంగటేస్తే జీపు మూతి లేస్తది," అన్నాడు ముసలాయన.

ఇద్దరూ నా వైపు చూశారు. గల్ఫ్‌లో నాకు నేర్పిన మొదటి పాఠం సరిగ్గా అదే. వెనక బండి బరువు మన బండి తోక మీద పడితే ముందు చక్రాలు నేలను పట్టవు. నాకు తెలుసు. కానీ నలుగురి ముందు బాపు మాట కాదనడం మా ఇంట్లో లేదు. పైగా గల్ఫ్ డ్రైవరునన్న పొగరొకటి.

"ఏం గాదు, గుంజుతది," అన్నాను.

నిర్మల్ దాటి ఘాట్ ఎక్కేదాకా నిజంగానే గుంజింది. సగం ఎక్కాక స్టీరింగు చేతుల్లో తేలికైపోయింది. తిప్పితే జీపు ఆలోచించుకుని తిరుగుతోంది. ఆపి, చక్రాల వెనక రాళ్లు పెట్టాం. బాపు తువ్వాలు మడిచి బానెట్ మీద వేసుకుని కూర్చున్నాడు, కాళ్లు బంపర్ మీద ఆనించి. ట్రాక్టరు మూతి లేవకుండా ఎక్కుడులో ఇద్దరు ముగ్గురు ముందు కూర్చోవడం మా దిక్కు మామూలే. మాకున్నది ఒక్క మనిషి.

"నేనున్న గద, పోనియ్," అన్నాడు.

దారిన పోయే లారీని ఆపితే ఇంజను వెనక్కి జరపడానికి నలుగురు దొరికేవారు. నాకు భయం వేసింది కూడా. అయినా గేరు వేశాను.

తర్వాతి మలుపులో స్టీరింగు మొత్తం తిప్పాను. జీపు తిరగలేదు. వేగమేమీ లేదు, ఎద్దులబండి నడకే. ఆ నడకతోనే పోయి రోడ్డు పక్క రాతిగోడకు ఆనింది. బ్రేకు తొక్కాననే అనుకుంటాను. బాపు కుడికాలు పైకి లాక్కున్నాడు. రెండోది బంపర్‌కూ గోడకూ మధ్య ఉండిపోయింది.

వెనకొచ్చిన లారీవాళ్లు జీపును వెనక్కి నెట్టి, బాపును ఆదిలాబాద్ పెద్దాసుపత్రికి చేర్చారు. నేను వాళ్ల పక్కన కూర్చుని హ్యాండ్‌బ్రేకు వేశానా లేదా అని ఆలోచించాను. దారి పొడుగునా అదొక్కటే. కాలు తీసేయాలని డాక్టరు చెప్పినప్పుడు కాగితం మీద సంతకం చేసి, చాయ్ తాగాను. ఏడుపు రాలేదు. మూడోరోజు ట్రాక్టరు మాట్లాడుకుని పోయి, ఇంజనును ఇరుసు మీదికి జరిపించి, ట్రాలీని ఇచ్చోడకు తెచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. ట్రాలీ మెత్తగా, బుద్ధిగా వచ్చింది.

గిర్ని నడిచింది. బాపు గింజలు పోసే తొట్టి పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. అడిగినవాళ్లకల్లా ఒకటే చెప్పేవాడు.

"మావోడు అప్పుడే జెప్పిండు, బరువు ఇరుసు మీదెయ్యాలె బాపూ అని. నేనే ఇనలే."

మొదటిసారి విన్నప్పుడు మతి తప్పిందేమో అనుకున్నాను. నా వైపు చూడకుండా చెప్పేవాడు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు ఆ మాట ఎత్తేవాడు కాదు. నేనూ ఎత్తలేదు. పదేళ్లు ఒకే ఇంజను చప్పుడులో ఉన్నాం.

బాపు పోయిన పదకొండో రోజున, ఎప్పుడూ మా గిర్నికే వచ్చే ముసలామె ఒకతె నా పక్కన కూర్చుంది.

"నువ్వు అంతగనం జెప్పినా ఇనకపాయె గద బిడ్డా మీ బాపు," అంది.

అవునన్నట్టు తల ఊపాను.