విశాఖలో ఉండని ఆదివారం

ఫిబ్రవరి రెండో శనివారం ఉదయం ఐదూ పదికి మా ఆయనా నేనూ ప్రత్తిపాడులో బయలుదేరి మధ్యాహ్నానికి విశాఖ చేరాం. రెండు రోజులుండాలని ఆయన కోరిక. గోడల మీది రంగుల బొమ్మలు చూస్తూ, గిటారు వాయించే పిల్లల దగ్గర ఆగుతూ సముద్రం పక్కనున్న కొండ ఎక్కాం. అంతలో సముద్రం మీద మబ్బు కనిపించింది. ఇంటి దగ్గర కల్లంలో మిరపకాయలు ఆరబోసి, పట్టా కప్పకుండా వచ్చాం.

“పదండి, తడిస్తే అన్నీ రంగుపోయి తాలుకాయలే,” అన్నాను.

“ఆ మబ్బు మన కల్లానికి బస్సెక్కి వస్తుందా? పక్కింటోళ్లకి ఫోన్ చెయ్, కప్పుతారు. రేపు రేవులో ఓడలు చూద్దామే.”

“వాళ్లు అంచుల మీద రాళ్లు సరిగ్గా పెట్టరండీ.”

ఆ సాయంత్రమే తిరుగు బస్సెక్కించాను. ఇంటి దగ్గర చినుకు కూడా పడలేదు. నెల తిరక్కుండా గుండెపోటుతో ఆయన కన్నుమూశారు.

మిరపకాయ ఒక్కటీ పాడవలేదు. పోయింది ఒక ఆదివారం, నలభై నాలుగేళ్లు కలిసి బతికిన మనిషి.