ఎడమ తగిలితే కుడికి

మా మామ పోయారు. విరుదునగర్ ఆసుపత్రిలో ఆయన మంచం పక్కనే ఉండి ఉండి, తలకు పోసుకుందామని నేను ఇంటికి వచ్చిన పూటే ఫోను వచ్చింది. వెంటనే ఏడుపు రాలేదు. పీట మీద కూలబడ్డాను. ముందు ఒళ్ళంతా అలసటే తెలిసింది.

ఆయన గురించి మీకు చెప్పాలంటే ఆయన చేతి గురించే చెప్పాలి. చక్కెర జబ్బుతో చూపు పోయినప్పటి నుంచీ ఆ చెయ్యి నా ఎడమ భుజం మీదే ఉండేది. చేనికైనా, కొట్టుకైనా, కోవిల్పట్టి బస్సుకైనా నేను ముందు, ఆయన వెనక. బతుకంతా నల్లరేగడిలో నాగలి మేడి పట్టిన చెయ్యి. ఎద్దుల్ని అమ్మి ఏళ్ళయినా అరచేతి కాయలు పోలేదు. సాయంత్రానికి నా భుజం లాగేసేది. విసుక్కునేదాన్ని కూడా.

"నీ బుజం అరిగిపోతా ఉందమ్మా. ఒక్క దినమన్నా నేను ఒంటిగా చేనికి పోవాల," అనేవారు. ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

కోవిల్పట్టిలో ఇంజనీరింగ్ చదివే మా ఆడబిడ్డ కూతురు ఒక నడుంపట్టీ చేసి తెచ్చింది. చేనిదారి అందులో ఎక్కించిందట. ఎడమకు తిరగాలంటే ఎడమ పక్కన, కుడికైతే కుడి పక్కన బుర్రుమని వణుకుతుంది. మామ కట్టుకుని బయల్దేరారు. ఎడమ పక్క వణికింది. ఆయన బుద్ధిగా కుడికి తిరిగి చొప్పవామిలోకి నడిచారు. మళ్ళీ నడిపించాం. మళ్ళీ చొప్పవామే.

పిల్లకు కళ్ళనీళ్ళు వచ్చాయి. "బుర్రుమన్న పక్కకే తిరగాల తాతా. చెప్తిని గదా!"

ఆయన నెత్తి మీది చొప్ప దులుపుకున్నారు. "తప్పు నాదే పాపా. ఎడం పక్క ముల్లుకర్ర తగిలితే ఎద్దు కుడి పక్కకు గదా జరుగుతుంది? వాటెనక తిరిగి తిరిగి నా ఒళ్ళుకు గూడా అదే పళక్కం అయిపొయ్యింది."

నేను పడీ పడీ నవ్వాను. పిల్ల నవ్వలేదు. అక్కడే కూర్చుని రెండు పక్కల తీగలూ తారుమారు చేసింది.

మర్నాడు ఆయన ఒంటరిగా చేనికి నడిచారు. మనసాగక నేను చెప్పులు విడిచి, కాస్త దూరంలో వెంట వెళ్ళాను. గట్టు చేరాక ఆయన వెనక్కి తిరగకుండానే అన్నారు:

"ఇంట్లో సుమ్మా ఊరికే రవ్వంత పండుకోని ఉండకూడదా అమ్మా?"

"నిద్ర రాలేదు మామా," అన్నాను. నా అలసటను అంతగా పట్టించుకున్న మనిషి ఆ ఇంట్లో మరొకరు లేరు.

నిన్న చేనికి ఒక్కదాన్నే బయల్దేరాను. ఎందుకో తెలీదు, కొక్కేనికున్న పట్టీ తీసి నడుముకు కట్టుకున్నాను. చొప్పవామి దగ్గర కుడి పక్క బుర్రుమంది. ఆలోచించకుండానే ఎడమకు తిరిగాను. భుజం మీద బరువేమీ లేదు. అయినా చేను దాకా ఎడమ భుజం కాస్త వంచుకునే నడిచాను.