సైజు అడగని టీషర్టులు

మా అత్తగారి వైపు వాట్సాప్ గ్రూపులో ఒక్కరు కూడా సైజు అడగలేదని గమనించినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. కరోనా తగ్గాక ఒక బతుకమ్మ పండుగకు ముందు సంగతి ఇది. అప్పుడు నేను జడ్చర్ల బస్టాండు దగ్గర షానాజ్ ఆపా దుకాణంలో డిమాండు చూసే, అంటే కొనేవాళ్లు ఉంటారో లేదో ముందే కనుక్కునే ఉద్యోగంలో ఉన్నాను. హోదా పెద్దదే గానీ దుకాణంలో ఉన్నది మేమిద్దరమే. ఇప్పుడు ఆ పనిలో లేను. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను.

ఆపాది చీరలకు ఫాల్, పీకో కుట్టే దుకాణం. ఆమెకు టీషర్టుల వ్యాపారం మీద మనసు పడింది. ఇందులో సరుకు ముందుగా తెచ్చిపెట్టుకోరు. బొమ్మను ఫోనులో చూపిస్తారు, ఆర్డరు వచ్చాకే ప్రింటింగు యూనిట్ ఒక్కొక్కటి వేసి పంపుతుంది. అందుకే నష్టం రాదని చాలామంది అనుకుంటారు. కానీ ఆపా మిషన్లు అమ్మేసి, అద్దెకున్న దుకాణం జాగా ఖాళీ చేసి, ఇంటి నుంచే ఇది నడపాలనుకుంది. బస్టాండు దగ్గర జాగా వదిలితే మళ్లీ దొరకదు. వదలొచ్చో లేదో తేల్చడం నా పని. వదలొచ్చంటే నా ఉద్యోగం నిలుస్తుంది. వద్దంటే అక్కడ నాకు పనే ఉండదు. మా ఆయన కంపెనీలో అప్పటికే షిఫ్టులు తగ్గించారు.

మొదటి డిజైను పిల్లల టీషర్టు. ముందు బతుకమ్మ, వెనక ఇంటిపేరు. గ్రూపులో పెట్టగానే "సూపర్ వదినా", "మస్తుంది అక్కా" అని, బొటనవేలి గుర్తులతో వరసగా వచ్చాయి.

"గిన్ని బొటనవేళ్లు లేచినంక ఇంకేం ఫికర్? జాగా ఓనరుకు శుక్రవారం చెప్పేస్త" అంది ఆపా.

"వేళ్లు లేపుతున్నరు గని, ఎనిమిదేండ్ల పిల్లకు ఏ సైజని ఒక్కరన్న అడిగిన్రా? కొనేటోళ్లు మెచ్చుకోరు ఆపా, రంగు పోతదా అని సతాయిస్తరు."

"నీకు సంతోషం ఒంటికి పడదు బేటీ!"

కోడలి ముఖం మీద వద్దని చెప్పే అలవాటు మా ఇళ్లలో లేదు. ఆ మాట వినాలంటే నన్నెరగని ఊరికి పోవాలి. మా ఇంటిపేరు వేసిన శాంపిల్ ఒకటి తీసుకుని నల్లగొండ వైపు కట్టంగూర్ వెళ్లాను. అక్కడి రెడీమేడ్ దుకాణంలో అడిగి వేలాడదీసి, పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆడవాళ్లు గుడ్డ తడిమి చూసి వెళ్లిపోయారు. ఒక పెద్దమ్మ మాత్రం దాన్ని తిప్పి, ఇంటిపేరు చదివింది. మీ ఇంటిపేరు వేయించి ఇస్తే తీసుకుంటారా అని అడిగాను.

"పండుగకు నా ఇద్దరు బిడ్డలు అత్తగారిండ్ల నుంచి పిల్లల్ని తోల్కొని వస్తరు. కొడుకు పిల్లలు ఇంట్లనే ఉంటరు. మా ఇంటిపేరు ఏపిస్తే బిడ్డల పిల్లలది కాదాయె. ఎవలది వాళ్లకేపిస్తే నా వాకిట్ల మూడు ఇంటిపేర్లు ఉరుకుతయి. అందరికి ఒక్కతీరు బట్టలు పెట్టేదే పిల్లలు ఒక్కటిగుండాలెనని. నువ్వు పండుగనాడే వాళ్లను వేరు పెట్టినట్టాయె కదనే!" అని నవ్వింది.

బతుకమ్మకు ఆడపిల్లలు తల్లిగారింటికి వస్తారు. బట్టలు కొనేది అమ్మమ్మలు. ఆ అమ్మమ్మే మా డిజైను వద్దంటోంది. తిరుగు బస్సులో, ఆపాకు ఈ మాట చెప్పకుండా ఉండే దారి ఏదైనా ఉందా అని కూడా ఆలోచించాను.

గురువారం సాయంత్రం చెప్పాను. ఆపా శాంపిల్‌ను వెనక్కి తిప్పి, ఇంటిపేరును అరచేత్తో మూసి చూసింది.

"మరి ఇంటిపేరు తీసేసి, పిల్ల పేరు ఏపిస్తే?"

"మళ్ల పరీక్ష చెయ్యాలె. అయ్యేసరికి పండుగ దాటిపోతది. జాగా వదలకు ఆపా."

"వదలకుంటే నీకు జీతం యాడికెల్లి తేవాలె?"

"తెలుసు."

ఆమె పీకో మిషన్‌లోకి దారం ఎక్కించుకుంది.

డిమాండు పరీక్షలో మెచ్చుకోలు లెక్కకు రాదు. మనతో మొహమాటం లేనివాళ్లు ఎందుకు కొనరో చెప్పాలి. ఆ మాటను పని ఇచ్చినవాళ్లకు ఉన్నదున్నట్టు చేర్చాలి.

మరునాడు పొద్దున, దుకాణానికి ఇంకా తయారు కాలేదేమని పిల్లలు అడిగారు. "అమ్మ తన పని మంచిగ చేసింది. అందుకే ఇయ్యాల్టి సంది అమ్మకు పని లేదు. బడికి నేనే తోల్కపోత, చెప్పులు వేసుకోండ్రి" అని చెప్పాను.